ముప్ఫై మూడో గడి

ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదన్నది గుమ్మళ్ళ జోగారావుగారి జీవితంలో మొదటి సూత్రం. రెండో సూత్రం లేదు, అవసరం పడలేదు. కాకినాడలో ఓ సర్కారు ఆఫీసులో ముప్ఫై ఆరేళ్ళు కలం అరగదీసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి ఆయన. బల్ల మీదికొచ్చిన దరఖాస్తులో ఖాళీ గడి కనిపిస్తే దాన్ని వేలితో తట్టి, "ఇక్కడ పన్ను ఊడింది, కట్టించుకు రండి" అని వెనక్కి పంపేసేవారు. అలాంటి మనిషి చేతిలో ఓడవాళ్ళు ఫారం పెట్టారు. జరిగినదంతా విన్నాక తప్పు ఎవరిదో మీరే చెబుదురుగాని.

ఓడ పేరు మహావిశ్రాంతి. సరికొత్తది, రంగు వాసన ఇంకా పోలేదు. పదిహేడు అంతస్తులు. విశాఖపట్నంలో బయల్దేరి, ఏడు రోజులు సముద్రంలో తిరిగి, మళ్ళీ విశాఖపట్నమే చేరుతుంది. మధ్యలో ఎక్కడా ఆగదు. ఆగితే దిగాలి, దిగడం శ్రమ అని కంపెనీవారి అభిప్రాయం. ఈ రోజుల్లో విశ్రాంతికి ఉన్న గిరాకీ దేనికీ లేదు కాబట్టి, వాళ్ళు దాన్ని శాఖలుగా విడగొట్టి అధికారుల్ని నియమించి మరీ అందిస్తున్నారు.

ఈ ప్రయాణం హైమావతిగారి కోరిక. కాకినాడ తీరాన నిలబడి, దూరంగా లంగరేసిన ఓడల్ని చూస్తూ పెరిగిన మనిషి ఆవిడ. "ఒక్కసారి అటునుంచి ఇటు చూడాలండీ" అని పెళ్ళైన కొత్తలో భర్తతో అన్నారు. జోగారావుగారు ఆ మాటని మనసులో ఫైలు చేసుకుని నలభై ఒక్క ఏళ్ళకి మంజూరు చేశారు. ఆరో రోజు పొద్దున్న ఏడింటికి ఓడ కాకినాడ ముందునుంచి పోతుందని కాగితంలో ఉంది. ఆ వేళకి కిటికీ దగ్గర కూర్చుని, ఆయన పెట్టిన కాఫీ తాగుతూ మన ఊరిని చూడాలి. ఆవిడకి కావలసింది అంతే. మిగతా పదిహేడు అంతస్తులూ ఎవరేం చేసుకున్నా ఆవిడకి పట్టింపు లేదు.

ఎక్కేముందు హాల్లో కూర్చోబెట్టి ఇచ్చిన ఫారం పేరు వి-7, విశ్రాంతి నివేదన పత్రం. 'ఇంటి దగ్గర మీ దంపతులు రోజూ చేసే పనులన్నీ రాయండి. ఈ ఏడు రోజులూ ఆ భారం మాది' అని పైన రాసి ఉంది. తక్కిన ప్రయాణికులు 'వంట, గిన్నెలు' అని గిలికి పడేసి ఫలహారాల వైపు నడిచారు. జోగారావుగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏమోయ్, నువ్వు రోజూ ఏమేం చేస్తావో చెప్పు, రాస్తాను."

"మీకు తోచింది రాసెయ్యండి. నా కాళ్ళు లాగేస్తున్నాయి."

రెండు గంటలు పట్టింది. అదనపు కాగితాలు మూడు అడిగి తీసుకుని, గుండుసూదితో గుచ్చి, ప్రతి పేజీ అడుగునా సంతకం చేశారు. మొత్తం ముప్ఫై ఒక్క పనులు. ఒకటి, పొద్దున్నే లేచి భార్యకి కాఫీ పెట్టి ఇవ్వడం. నాలుగు, నాలుగు వీధులు నడవడం. ఆరు, పేపరు చదివి ప్రభుత్వాన్ని తిట్టడం. పది, కళ్ళజోడు వెతుక్కోవడం. పందొమ్మిది, సాయంత్రం భార్య చెప్పేది సగం వరకు వినడం. తర్వాత ఆవిడవి: ఆయనకి బీపీ మాత్ర గుర్తుచేయడం, కళ్ళజోడు నెత్తిమీదే ఉందని చెప్పడం, ఫ్యాను తగ్గించమని పోట్లాడటం, ఆయనతో మాట్లాడటం, కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూడటం. ఇరవై ఏడో పని 'దరఖాస్తులు రాయడం' అని తనదే ఒకటి చివర్లో గుర్తొచ్చి, పక్కన ఇరికించి, దిద్దుబాటు దగ్గర మళ్ళీ సంతకం పెట్టారు.

సాయంత్రానికి ముఖ్య విశ్రాంతి అధికారి స్వయంగా గదికి వచ్చారు. పేరు పరంజ్యోతి. తెల్ల యూనిఫాం భుజాల మీద నక్షత్రాలకి బదులు చిన్న చిన్న బంగారు దిండ్లు కుట్టి ఉన్నాయి. నాలుగు దిండ్లంటే పెద్ద హోదా.

"సార్, మా సంస్థకి ఇంత సమగ్రమైన నివేదన ఇంతవరకు అందలేదు. సాధారణ అతిథి మూడు పనులు దాటడు. తమ స్థూల శ్రమభారం ముప్ఫై ఒకటి. ఇందులో ఒక్కటి కూడా తమమీద మిగలనివ్వబోమని సంస్థ తరఫున హామీ ఇస్తున్నాను."

తను రాసిన కాగితాన్ని చివరిదాకా చదివిన మనిషి జోగారావుగారికి జీవితంలో మొదటిసారి తగిలాడు. ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యారు. హైమావతిగారు మాత్రం, "మరి మేం ఏం చేస్తామండీ?" అని అడిగారు.

"విశ్రాంతి, మేడమ్," అన్నారు పరంజ్యోతిగారు.

మర్నాడు ఐదున్నరకి జోగారావుగారు అలవాటు ప్రకారం లేచి, పెట్టె అడుగున తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్న ఇత్తడి ఫిల్టరు కోసం చెయ్యి పెట్టారు. ఫిల్టరు లేదు. దాని చోట ఒక రసీదు ఉంది. 'శ్రమ సాధనం, ఇత్తడిది, ఒకటి. ప్రయాణాంతం వరకు భద్రపరచడమైనది.' తేదీ, వేళ, సంతకం, ముద్ర అన్నీ పద్ధతిగా ఉన్నాయి. అంత చక్కటి రసీదు మీద ఫిర్యాదు చేయడానికి ఆయనకి నోరు రాలేదు.

ఇంతలో తలుపు తట్టి ఓ యాభై ఏళ్ళ మనిషి ట్రేతో లోపలికి వచ్చాడు. జేబు మీద బిళ్ళకి 'జోగారావు (ప్రతినిధి)' అని రాసి ఉంది.

"నా పేరు లాజరండి, మాది బీమిలి. ఈ ఏడ్రోజులూ నానే మీరండి," అన్నాడు.

వెనకే ఇంకొకావిడ. లాజరు ఈడే, రెండేళ్ళు చిన్న కావచ్చు. పేరు సుగుణమణి. బిళ్ళ మీద 'హైమావతి (ప్రతినిధి)'.

లాజరు తెచ్చిన కాఫీ ఒక గుక్క తాగేసరికి, ఇంతకన్నా మంచి కాఫీ తన జీవితంలో తాగలేదని జోగారావుగారికి తెలిసిపోయింది. ఆ సంగతి పైకి అనలేదు. హైమావతిగారు కప్పు దగ్గరికి తీసుకుని వాసన చూసి పక్కన పెట్టారు. "తర్వాత తాగుతాలెండి" అన్నారు గాని తాగలేదు.

ఆరింటికి లాజరు డెక్కు మీద నాలుగు వీధుల దూరం నడిచి వచ్చి, "మీకు సెమటట్టీసింది సార్" అని నివేదించాడు. ఏడింటికి పేపరు చదివి ప్రభుత్వాన్ని తిట్టాడు. మొదటి పేజీ సగంలోనే తిట్టేశాడని జోగారావుగారు మందలించబోతే, మందలించడం పనుల జాబితాలో ఇరవై ఒకటోదని గుర్తుచేసి, ఆ మందలింపు కూడా తనే తనకి పెట్టుకున్నాడు. పదింటికి కళ్ళజోడు కార్యక్రమం. లాజరు పరుపు కింద, బల్ల కింద, సబ్బు పెట్టె వెనకాల అంతా వెతికాడు. సుగుణమణి గుమ్మంలో నిలబడి, "నెత్తి మీదుంది సూసుకోండి" అంది. జోగారావుగారూ హైమావతిగారూ సోఫాలో కూర్చుని చూశారు. ఆ గదిలో ఏసీ తప్ప ఫ్యాను లేదు కాబట్టి, పోట్లాట నిమిత్తం ప్రత్యేకంగా ఒక ఫ్యాను బిగించారు. పోట్లాట బాగా కుదిరింది. ప్రతినిధులిద్దరికీ ఏదో పాత అనుభవం ఉన్నట్టే ఉంది.

కిటికీ సంగతి అప్పుడే బయటపడింది. తెర తీయబోయిన హైమావతిగారి చేతిని సుగుణమణి మెల్లిగా పట్టుకుంది.

"అది ఇరవై తొమ్మిదోదమ్మా. నానే సూడాల." తెర సందులోంచి తొంగి చూసి, "నీలంగా ఉందమ్మా. పెద్దగానే ఉంది," అని చెప్పింది.

హైమావతిగారు భర్త వైపు చూశారు. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ చూపు అర్థం ఆయనకి బాగా తెలుసు. ఆయన రసీదు తీసి మరోసారి చదువుకున్నారు.

సాయంత్రం ఐదింటికి పందొమ్మిదో పని మొదలైంది. హైమావతిగారు చెబుతుంటే లాజరు వినాలి. జోగారావుగారి చెవిన పొరపాటున ఏమీ పడకుండా హెడ్‌ఫోన్లు తగిలించారు. అందులో సముద్రపు హోరు రికార్డు చేసి పెట్టారు. అసలు సముద్రం అద్దం అవతలే ఉంది గాని, దానికి నిర్ణీతమైన ప్రమాణాలు లేవు. జోగారావుగారు ఎవరూ చూడకుండా ఒక చెవి మీంచి దాన్ని జరిపారు.

"నాకప్పుడు ఏడేళ్ళు," అంటున్నారు హైమావతిగారు. "మా నాన్నగారి చెయ్యి పట్టుకుని ఒడ్డున నుంచున్నాను. వెళ్ళిపోయే ఓడ మీంచి ఎవరో చెయ్యి ఊపేరు. నేనూ ఊపేను. అది చుక్కంత అయ్యేదాకా ఊపుతూనే ఉన్నాను. అవతలి మనిషికి నేను కనపడ్డానో లేదో ఇప్పటికీ తెలీదు నాయనా. అటునుంచి చూస్తే తెలుస్తుందేమోనని. ఈయనతో నాలుగైదు సార్లు చెప్పేను."

లాజరు పూర్తిగా విన్నాడు. మధ్యలో "అలగా అమ్మా" అన్నాడు. జోగారావుగారికి ఈ కథ కొత్త. నాలుగైదు సార్లు చెప్పిందంటే చెప్పే ఉంటుంది. 'సగం వరకు వినడం' అని సంతకం పెట్టి మరీ రాసింది అబద్ధపు వాంగ్మూలమని ఆయనకి తెలిసొచ్చి, చాలా సిగ్గేసింది.

మూడో రోజు పరంజ్యోతిగారు కొత్త ఉత్తర్వు తెచ్చారు.

"సార్, మేడమ్ మాట్లాడే పని సుగుణమణిది. తమరు వినే పని లాజరుది. అయితే నిన్న మేడమ్ స్వయంగా మాట్లాడినట్టు మా దృష్టికి వచ్చింది. ఇది మా సేవాలోపం, చింతిస్తున్నాం. ఇకమీదట ప్రతినిధులిద్దరూ నేరుగా తమలో తాము సంభాషించుకుంటారు. తమ దాంపత్యం యథావిధిగా నడుస్తుంది. తమకి మాత్రం శ్రమ ఉండదు."

ఆ రోజునుంచి లాజరూ సుగుణమణీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. కూరలో ఉప్పు గురించి, మోకాలి నొప్పి గురించి, కట్టాలనుకుని కట్టని ఇంటి గురించి. ఎక్కడినుంచి తెచ్చారో గాని మాటలకి తడుముకోలేదు. అసలు దంపతులు మెత్తటి సోఫాలో పక్కపక్కనే కూర్చుని, వేరేవాళ్ళు తమ కాపురం చేస్తుంటే చూస్తూ ద్రాక్షపళ్ళు తిన్నారు. పళ్ళు ఎవరో నోట్లో పెడుతున్నారు.

హైమావతిగారు కాఫీ ముట్టి అప్పటికి రెండు రోజులైంది. తలనొప్పి పట్టుకుంది. కప్పులు నిండుగా వెనక్కి వెళ్ళడం పైవాళ్ళ కంటపడి కాఫీ తిరస్కరణ విచారణ సంఘం వేశారు. ఆవిడని ఒక్కర్తినీ పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. దాని నకలు ఒకటి పద్ధతి ప్రకారం జోగారావుగారికి చేరింది. పద్ధతి తప్పనివాళ్ళతో వచ్చే చిక్కే ఇది.

'ప్రశ్న: మా కాఫీలో లోపం ఏమిటి? జవాబు: లోపమేమీ లేదు. ప్రశ్న: మీ భర్త పెట్టే కాఫీ ఇంతకంటే బాగుంటుందా? జవాబు: బాగుండదు. నీళ్ళలా ఉంటుంది. పంచదార ఎక్కువేస్తారు. చల్లారిపోయాక తెచ్చిస్తారు. నలభై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు కూడా బాగున్నట్టు గుర్తు లేదు. ప్రశ్న: అయితే మీకు ఏం కావాలి? జవాబు: అదే కావాలి.'

జోగారావుగారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. రోజూ కప్పు అందిస్తూ "ఎలా ఉందోయ్?" అని ఆయన అడుగుతారు. "బాగుంది" అని ఆవిడ అంటారు. లెక్క వేయబోయారు, అంకె పెద్దదైపోయేసరికి మానుకున్నారు. కోపం రావాలేమోనని కాసేపు చూశారు గాని రాలేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

సంఘంవారు ఆ వాంగ్మూలాన్నే కొలతల పట్టీగా తీసుకుని పెద్ద వంటవాడికి పంపారు. నీళ్ళలా ఉండాలి, తీపి ఎక్కువ ఉండాలి, చల్లారి ఉండాలి. దేశదేశాల్లో వంట చదివిన ఆ మనిషి రెండు రోజులు శ్రమపడి పదిహేడు నమూనాలు చేసి పంపాడు. హైమావతిగారు ఒక్కొక్కటే నాలికకి తగిలించి చూశారు.

"బాగులేవు. చక్కగా బాగులేవు. కానీ ఇవి ఆయన పెట్టినవి కావండీ," అన్నారు.

ఐదో రోజు మధ్యాహ్నం సంఘం తుది నిర్ణయం వచ్చింది. పరంజ్యోతిగారు నిలబడి చదివారు.

"సమస్యకి మూలం కాఫీ కాదనీ, కాఫీ కావాలనుకోవడం అనీ సంఘం అభిప్రాయపడింది. కనుక సదరు కోరికను సుగుణమణికి బదలాయించడమైనది. ఆమె కోరుకుంటుంది, లాజరు ఇస్తాడు, ఆమె తాగి తృప్తి చెందుతుంది. ఇక రెండో అంశం. జాబితాలోని ముప్ఫై ఒక్క పనుల్లో ఇరవై నాలుగు, తమరిద్దరూ ఒకేచోట ఉండటం వల్ల పుడుతున్నట్టు తేలింది. కావున తమకి సహవాస విముక్తి మంజూరైంది. రేపు ఉదయం ఆరు గంటలకి సార్ని పద్నాలుగో అంతస్తుకీ, మేడమ్‌ని నాలుగో అంతస్తుకీ తరలిస్తాం. ఇది అత్యున్నత స్థాయి విశ్రాంతి. కోరినవాళ్ళందరికీ ఇవ్వం."

రేపు ఉదయం ఏడింటికే కాకినాడ.

ఆయన వెళ్ళగానే హైమావతిగారు సోఫాలో వెనక్కి వాలారు. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "ఇంటికి పోదామండీ," అన్నారు. మూడో రోజు ఉత్తర్వు వచ్చాక ఆవిడ భర్తతో నేరుగా అన్న మొదటి మాట అది. సుగుణమణి తల తిప్పుకుని, విననట్టే తెరని సర్దింది.

జోగారావుగారు లేచి నిలబడ్డారు. ముప్ఫై ఆరేళ్ళలో ఆయన ఎవరి మీదా గొంతెత్తి ఎరగరు. ఎత్తవలసి వచ్చినప్పుడల్లా కాగితం అడిగేవారు.

"లాజరూ, తెల్ల కాగితం పట్టుకురా."

"దరకాస్తు రాయడం ఇరవై ఏడోది సార్. తమరు రాయకూడదు."

"నేను రాయను. నువ్వు రాస్తావు. నేను చెబుతాను. చెప్పడం జాబితాలో లేదు, కావాలంటే చూసుకో."

లాజరు చూశాడు. నిజంగానే లేదు. కలం తీశాడు. జోగారావుగారు చేతులు వెనక్కి కట్టుకుని, పచార్లు చేస్తూ చెప్పారు.

"ముఖ్య విశ్రాంతి అధికారివారి సముఖమునకు. విషయం: ఫారం వి-7కి అనుబంధం. అయ్యా, మా దంపతుల పనుల జాబితాలో పొరపాటున ఒక పని విడిచిపోయినది. ముప్ఫై రెండవది: మహావిశ్రాంతివారి సేవలు పొందుట. సదరు పని ఉదయం ఐదున్నర మొదలు పడుకునే వరకు నిరంతరాయంగా చేయవలసి వస్తున్నది. మాకు ఇంతటి శ్రమ అలవాటు లేదు. కావున తమ హామీ ప్రకారం ఈ భారాన్ని కూడా మా ప్రతినిధులకు బదలాయించి, మమ్మల్ని విముక్తుల్ని చేయవలసిందిగా ప్రార్థన."

అడుగున సంతకం మాత్రం తనదే పెట్టారు. సంతకం కూడా జాబితాలో లేదు; ఆయనకి అది ఎంత సహజమంటే, పనుల్లో రాయాలనే తట్టలేదు.

పరంజ్యోతిగారు ఆ కాగితాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివారు. నియమావళి తెప్పించారు. కెప్టెన్‌కి ఫోను చేస్తే కెప్టెన్ విశ్రాంతిలో ఉన్నారని ఆయన ప్రతినిధి చెప్పాడు. అతిథి రాసిన ఏ పనినీ నిరాకరించరాదని ఉంది గాని, ఏ పనిని రాయకూడదో ఎక్కడా లేదు. నలభై నిమిషాల్లో మంజూరైంది.

"అద్భుతం సార్," అన్నారు పరంజ్యోతిగారు, కాగితం మీద ముద్ర వేస్తూ. "విశ్రాంతి నుంచి కూడా విశ్రాంతి. మా సంస్థే ఇంతవరకు ఆలోచించలేదు. దీన్ని వచ్చే ప్రయాణం నుంచి అందరికీ ప్రవేశపెట్టమని సిఫారసు చేస్తాను."

ఇకమీదట సేవలు పొందేది ప్రతినిధులు కాబట్టి గది మాత్రం ఖాళీ చేయాలన్నారు. సేవలు పొందేవారు అక్కడ ఉండాలి. జోగారావుగారు తలుపు దగ్గర రసీదు ఇచ్చి ఫిల్టరు అడిగారు. అతిథి కానివాడి దగ్గర శ్రమ సాధనం ఉండకూడదని నియమం లేదు కాబట్టి తెచ్చి ఇచ్చేశారు.

లాజరూ సుగుణమణీ సోఫా అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చి వాళ్ళ కాళ్ళ కింద దిండ్లు పెట్టారు.

"మరి తమరెక్కడుంటారు సార్?" అన్నాడు లాజరు.

"నీ గది తాళం ఇయ్యి. నువ్వే కదా నేను."

లాజరు తాళం తీస్తూ భార్య వైపు చూశాడు. అవును, భార్యే. "మాకు పెళ్ళై ఇరవై రెండేళ్ళండి," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఈ కంపెనీలో సేరినకాడ్నించి ఆవిడది ఓ సిఫ్టు, నాది ఓ సిఫ్టు. ఈ వారమే, మీ పేరు సెప్పుకుని, తీరుబడిగా మాటాడుకున్నాం."

సుగుణమణి సిగ్గుపడి ఫ్యాను తగ్గించింది. అది ఎవరి తరఫున చేసిందో ఎవరూ అడగలేదు.

సిబ్బంది గదులు ఓడకి అట్టడుగున, నీటిమట్టానికి జానెడు ఎత్తులో ఉన్నాయి. మంచాలు ఇరుకు, పక్కనే సిబ్బంది వంటగది. అందులో గోడకి కంచమంత గుండ్రటి కిటికీ ఉంది, దానికి తెర లేదు. ఆరో రోజు పొద్దున్న జోగారావుగారు ఐదున్నరకే లేచి, ఎవర్నీ అడక్కుండా నీళ్ళు కాచి, ఫిల్టర్లో పోసి, డికాక్షను దిగేదాకా దాని ముందు నిలబడ్డారు. పాలు కలిపారు. పంచదార డబ్బా తీసి, ఒక చెంచా వేసి, రెండో చెంచా దగ్గర చెయ్యి ఆగింది. వాంగ్మూలం గుర్తొచ్చింది. అది బాగు చేయవలసిన లోపమా, ఆవిడ కోరిన వస్తువా అని క్షణం ఆలోచించి, రెండో చెంచా కూడా వేసేశారు. తెచ్చేసరికి ఎప్పటిలాగే చల్లారిపోయింది.

హైమావతిగారు కిటికీకి మొహం ఆనించి కూర్చున్నారు. ఏడు దాటింది. దూరంగా సన్నటి గీతలా ఒడ్డు, దాని మీద లైట్‌హౌసు, ఫ్యాక్టరీ గొట్టాలు. ఆవిడ చెయ్యెత్తి ఊపారు. కాసేపు ఊపుతూనే ఉన్నారు.

"ఎవరైనా కనిపిస్తున్నారా?" అని అడిగారు జోగారావుగారు.

"లేదండీ. ఇంత దూరం నుంచి మనిషి కనపడడు." ఆవిడ చెయ్యి మాత్రం దించలేదు. "అయినా ఊపేడు చూడండి, ఆ మనిషి. నేను కనపడకుండానే ఊపేడు."

ఆ కథ ఆయనకి తెలుసు. "నీకప్పుడు ఏడేళ్ళు కదూ," అన్నారు. హైమావతిగారు వెనక్కి తిరిగి ఆయన్ని కాస్త వింతగా చూశారు. తర్వాత కప్పు అందుకుని ఒక గుక్క తాగారు.

"ఎలా ఉందోయ్?"

"బాగుంది," అన్నారు ఆవిడ, ఎప్పటిలాగే, ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ. కప్పు చివరిదాకా తాగేశారు.

దిగే రోజున పరంజ్యోతిగారు మరో ఫారం ఇచ్చారు. ముప్ఫై రెండు పనులకీ ఎదురుగా టిక్కు పెట్టి ఉంది. కింద ముప్ఫై మూడో గడి కొత్తగా గీసి, 'మా దృష్టికి తేకుండా మిగిలిపోయిన పని ఏదైనా ఉంటే పేర్కొనండి. వచ్చేసారి దాని భారం కూడా మాదే' అని రాసి ఉంది.

జోగారావుగారు కలం మూత తీశారు. పక్కన హైమావతిగారు కాళ్ళు లాగుతున్నాయంటూ సంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆయన ఆ గడి వైపు చాలాసేపు చూశారు. మిగిలిపోయిన పని ఒకటి ఉంది, ఆవిడది. నలభై ఒక్క ఏళ్ళుగా రోజూ పొద్దున్నే, ఆయన కప్పు అందించగానే జరుగుతోంది. అది పని అని ఆయనకి మొన్నటిదాకా తెలియదు.

కలానికి మూత పెట్టేసి, అడుగున సంతకం చేసి ఇచ్చేశారు.

"సార్, ఇక్కడ ఒక గడి ఖాళీగా ఉంది," అన్నారు పరంజ్యోతిగారు.

"ఉండనివ్వండి," అన్నారు జోగారావుగారు. సంచీ ఒక చేత్తో, భార్య చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని మెట్లు దిగారు.